పులియబెట్టకుండా పొంగే పండ్ల రొట్టె

ఆశ్వయుజ మాసం వచ్చిందంటే ఉదయగిరి, ఆత్మకూరు బస్టాండ్లలో సీతాఫలాల గంపలు దిగుతాయి. దుర్గం కొండ మీద, వెలిగొండల వాలుల్లో ఎవరూ నీళ్లు పోయకుండానే పెరిగిన చెట్ల కాయలవి. అవే రోజుల్లో సంతలో మంచి గుమ్మడికాయలు కూడా పోగులు పడతాయి. చలిదేశాల పిల్లలకు ఇదే ఋతువులో ఆపిల్ పండ్లు, బేరి పండ్లు చేతికి వస్తాయి. వాళ్ల ఇళ్లలో ఆ పండ్ల ముక్కలు, దాల్చినచెక్క, అల్లం పొడి వంటివి కలిపి 'స్కోన్' అనే చిన్న చిన్న రొట్టెలు కాలుస్తారు. ఇంగ్లీషు కథల పుస్తకాల్లో ఈ పేరు మీకు తగిలే ఉంటుంది. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా పొరలుగా విడిపోతుంది.

మన సీతాఫలం గుజ్జు వేసి అలాంటి రొట్టె చేస్తే ఎంత బాగుంటుందో అని మీలో ఎవరికైనా తోచవచ్చు. తోచడం మంచిదే. కాని అలా చేస్తే రొట్టె చేదెక్కి పారేయవలసి వస్తుంది. ఎందుకో, దానికి బదులు ఏది వేయాలో తెలియాలంటే ముందు ఈ రొట్టె ఎలా పొంగుతుందో తెలుసుకోవాలి.

స్కోన్ పుట్టిల్లు స్కాట్లండు దేశం. మొదట్లో అది ఓట్లు, బార్లీ పిండితో చేసి పెనం మీద కాల్చిన దళసరి రొట్టె. అంటే మన జొన్నరొట్టెకు దూరపు చుట్టమన్నమాట. ఆ పేరు అచ్చమైన ఆధారంతో మొదట కనిపించేది గావిన్ డగ్లస్ అనే స్కాట్లండు కవి 1513లో పూర్తిచేసిన ఒక అనువాద కావ్యంలో. సరిగ్గా ఆ కాలంలోనే శ్రీకృష్ణదేవరాయలు మన ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించి ఉన్నాడు. 1514లో గాని కోట ఆయనకు స్వాధీనం కాలేదు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా చరిత్ర పాఠంలో తేదీ గుర్తుండటానికి ఇలాంటివి పనికి వస్తాయని చెప్పాను.

ఆ పాత స్కోన్ చదునుగా ఉండేది. ఇప్పటిలాగా పొంగడం నేర్చింది 19వ శతాబ్దంలో. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్లూ పడవు, ఈస్టుతో పులిసిన రొట్టే పడదు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డు పొడినీ, 1843లో ఈస్టు లేకుండా రొట్టెను పొంగించే బేకింగ్ పౌడరునూ తయారుచేశాడు. సీతాఫలాన్ని ఇంగ్లీషువాళ్లు 'కస్టర్డు ఆపిల్' అంటారు. ఆ కస్టర్డే ఇది.

ఈస్టు లేకుండా రొట్టె ఎలా పొంగింది? ఇడ్లీపిండి సంగతి మీకు తెలుసు. రాత్రి రుబ్బి పెడితే తెల్లవారేసరికి గిన్నె అంచు దాటుతుంది. దానిలోని సూక్ష్మజీవులు చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డై ఆక్సైడును వదులుతాయి. ఆ బుడగలే పిండిని లేపుతాయి. జీవులు చేసే పని కనుక తెల్లవార్లూ ఆగాలి. ఆ వాయువునే రసాయన చర్యతో పుట్టిస్తే నిమిషాల్లో పని అయిపోతుంది. బర్డు చేసింది ఇదే. వంటసోడా ఒక పక్క, దానితో కలిసే ఆమ్లపదార్థం ఒక పక్క, రెండూ పొడిగా ఉన్నంతసేపు కదలవు. తడి తగలగానే చర్య మొదలవుతుంది.

మన ఇంట్లో బేకింగ్ పౌడరు లేకపోయినా చింత లేదు. వంటసోడా ఉంది. ఆమ్లానికి నిమ్మకాయ ఉంది, పుల్ల పెరుగు ఉంది. పొదలకూరు నిమ్మకాయలు పండే జిల్లాలో ఉండి ఆమ్లం కోసం డబ్బా కొనడం దేనికి?

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. పదో తరగతివారు కాగితం తీసుకోండి. వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. దాని అణుభారం 84. 84 గ్రాముల సోడాకు కావలసినంత ఆమ్లం అందితే 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 24 లీటర్ల పైచిలుకు. మనం వాడేది అర చెంచా, అంటే సుమారు 2.5 గ్రాములు. దాని నుంచి వచ్చే వాయువు దాదాపు ముప్పావు లీటరు! పావుకిలో పిండితో చేసిన ముద్ద మొత్తం కలిపినా అర లీటరు ఉండదు. కాబట్టి పుట్టిన వాయువులో సగానికి పైగా జారిపోయినా మన రొట్టె చక్కగా పొంగుతుంది.

ఆమ్లం లేకుండా సోడా ఒక్కటే వేస్తే? అప్పుడు కూడా వాయువు వస్తుంది. వేడికి సోడా తనంతట తానే విడిపోతుంది. కాని 168 గ్రాముల సోడా విడిపోతే గాని 44 గ్రాముల వాయువు రాదు. అంటే సగానికి సగం నష్టం. అంతకన్న పెద్ద చిక్కు ఏమంటే, మిగిలిన సగం సోడియం కార్బొనేట్‌గా మారి రొట్టెలోనే ఉండిపోతుంది. అది చాకలి సోడాయే. నాలుకకు సబ్బు రుచి తగిలేది అందువల్లనే. గోధుమలోని బి-1 విటమిన్ క్షారంలో కాచితే నశించిపోతుంది. హోటల్లో పప్పు త్వరగా ఉడకాలని గుప్పెడు సోడా వేసే పద్ధతి నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

సోడా ఎంతో, దానికి తగిన ఆమ్లం ఎంతో తెలియడం ఈ వంటలో ముఖ్యం. నిమ్మరసంలో నూటికి 5 వంతుల పైన సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. బాగా పులిసిన పెరుగులో లాక్టిక్ ఆమ్లం నూటికి 1 వంతు దగ్గరగా ఉంటుంది. లెక్క కడితే 2.5 గ్రాముల సోడాకు నిమ్మరసం ఒక్కటే అయితే సుమారు 35 నుంచి 40 మిల్లీలీటర్లు కావాలి. పెరుగు ఒక్కటే అయితే పావు లీటరు పైమాటే. పావుకిలో పిండిలో అంత పెరుగు పోస్తే అది రొట్టె ముద్ద కాదు, దోసెల పిండి అవుతుంది. అందుకని రెండూ కలిపి వాడుకొందాం. పెరుగు 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 30 మిల్లీలీటర్లు. రెండు చిన్న కాయలు పిండితే ఆ రసం వస్తుంది. ఇంత నిమ్మరసం వేస్తే రొట్టె పుల్లగా ఉండదా అంటారేమో. ఉండదు. ఆమ్లం సోడాతో కలిసి తటస్థమైపోతుంది.

నమ్మకం కుదరకపోతే వంటకు ముందే దీన్ని పరీక్షించవచ్చు. రెండు సన్నమూతి సీసాలు తీసుకోండి. ఒకదానిలో 10 మిల్లీలీటర్లు, రెండోదానిలో 40 మిల్లీలీటర్ల నిమ్మరసం పోయండి. రెండు రబ్బరు బుడగల్లో అరేసి చెంచా వంటసోడా నింపి, వాటిని సీసా మూతులకు గట్టిగా తొడగండి. తరువాత బుడగలను పైకెత్తి సోడాను రసంలో పడేయండి. ఏ బుడగ ఎంత ఉబ్బిందో చూడండి. ఉబ్బనిదాని సీసాలో అడుగున ఏం మిగిలిందో కూడా చూడండి.

ఇక పిండి. జొన్నపిండి, సజ్జపిండి మెట్టప్రాంతపు వాళ్లం మనం ఎంత ఇష్టంగా తిన్నా, ఈ రొట్టెకు మాత్రం గోధుమే కావాలి. గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులున్నాయి. నీళ్లు తగిలి పిసికినప్పుడు ఇవి పెనవేసుకొని గ్లూటెన్ అనే సాగే వలను అల్లుతాయి. వాయువు బుడగలు ఆ వలలో చిక్కుతాయి. జొన్నలో ఈ వల లేదు, కాబట్టి బుడగ పుట్టినా నిలవదు. అలాగని ఈ పిండిని చపాతీ ముద్దలాగా పిసికారో, వల బిగిసిపోయి రొట్టె తోలులాగా సాగుతుంది. వల ఉండాలి, కాని తెగితెగి ఉండాలి.

దానికి ఉపాయం వెన్న. నీళ్లు తగలకముందే పొడిపిండిలో గట్టి వెన్న వేసి వేళ్ల కొసలతో నలిపితే, పిండి రేణువుల చుట్టూ కొవ్వు పొర ఏర్పడుతుంది. అక్కడికి నీరు వెళ్లలేదు, గ్లూటెన్ అల్లుకోలేదు. మిగిలిపోయిన చిన్న చిన్న వెన్న పలుకులు పొయ్యిలో కరిగి ఖాళీలు వదులుతాయి. పొరలు విడిపోయేది అక్కడే. పైగా వెన్నలో నూటికి 16 వంతుల దాకా నీరు ఉంటుంది. అది ఆవిరై పొరల్ని ఎత్తుతుంది. నెయ్యిలో ఆ నీరు ఉండదు. పేరిన నెయ్యితో చేసినా రొట్టె గుల్లగా వస్తుంది గాని పొరలు అంతగా విడవవు.

చిక్కల్లా మన ఎండలతోనే. వెన్న 32 డిగ్రీలు దాటితే కారిపోతుంది. స్కాట్లండులో ఈ బాధ లేదు. ఉదయగిరిలో ఆశ్వయుజంలో కూడా మధ్యాహ్నం పూట వెన్న చేతిలోనే నూనె అవుతుంది. కనుక తెల్లవారుజామున చేయండి. వెన్న గిన్నెను తడిగుడ్డ చుట్టి గాలి తగిలేచోట పెట్టండి. కొత్తకుండలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. కలపడానికి చెయ్యి వాడకండి, చెయ్యి వెచ్చని వస్తువు కదా. నర్ది, బిక్కి వంటి కొండకర్రలతో చెక్కే మన ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలుసు. ఈ పనికి అంతకన్న మంచి సాధనం లేదు. కర్ర వేడిని త్వరగా ప్రసరింపజేయదు, నిమ్మరసం తగిలి చిలుమూ పట్టదు.

ఇప్పుడు పండు సంగతికి వద్దాం. సీతాఫలం గుజ్జును సుమారు 60, 65 డిగ్రీల పైకి వేడి చేస్తే చేదెక్కుతుంది, వాసన మారుతుంది, తెలుపు పోయి గులాబి రంగుకు తిరుగుతుంది. పొయ్యిలో రొట్టె లోపలి వేడిమి 95 డిగ్రీల దాకా పోతుంది. చేదెక్కకుండా తప్పించుకొనే దారి లేదు. సీతాఫలం పాయసం చేసే తల్లులు పాలు కాచి చల్లార్చి, ఆఖరున గుజ్జు కలపడంలో కిటుకు ఇదే. శాస్త్రం చదవకపోయినా నాలుక వాళ్లకు చెప్పింది. మీరు కూడా ఒక చెంచా గుజ్జు చిన్నగిన్నెలో వేసి, మరిగే నీళ్లగిన్నెలో పది నిమిషాలు నిలిపి, చల్లార్చి, పచ్చి గుజ్జుతో పోల్చి నాలుక మీద వేసుకోండి. గింజలు మాత్రం ముందే తీసేయండి.

గుమ్మడి అలా కాదు. దానిలోని పసుపుపచ్చ రంగు కెరొటిన్. మన శరీరం దాన్ని ఎ-విటమిన్‌గా మార్చుకొంటుంది. రేచీకటి రాకుండా కాపాడేది ఈ విటమినే. కెరొటిన్ పొయ్యి వేడికి చాలావరకు నిలుస్తుంది. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. వెన్నతో కలిసి తింటే ఒంటికి బాగా పడుతుంది. దసరా పండుగకు గుమ్మడికాయ కొట్టి చెక్కలు వీధిలో పారేసే ఇళ్లు చూస్తుంటాను. అలా దిష్టి తీసి పారేసేది సాధారణంగా బూడిదగుమ్మడి. దాన్ని వదిలేద్దాం. మంచి గుమ్మడిని మాత్రం వంటింట్లోకే పంపండి. తమాషా ఏమంటే, సీతాఫలం, గుమ్మడి రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. పేరులో సీతమ్మ ఉన్నా చెట్టు సముద్రం దాటి వచ్చినదే.

గుమ్మడిలో నూటికి 90 వంతులు నీరే. అందుకని ముక్కల్ని ఆవిరి మీద ఉడికించి, పలుచని బట్టలో వేసి నీరు పిండేసి, మెదిపిన గుజ్జు 80 గ్రాములు తీసుకోవాలి. నీళ్లలో ఉడికిస్తే ముద్ద జావ అవుతుంది.

సుగంధ ద్రవ్యాలు రుచికోసమే అయినా వాటిలోనూ ఒక విశేషం ఉంది. దాల్చినచెక్కకు వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్ అనే పదార్థం ఈస్టు ఎదుగుదలను అణుస్తుంది. ఈస్టు రొట్టెలో దాల్చినపొడి ఎక్కువ వేస్తే అది సరిగా పొంగదు. సోడా ప్రాణి కాదు కాబట్టి దానికి ఈ బెంగ లేదు. పావు చెంచా దాల్చినపొడి, అర చెంచా శొంఠిపొడి, నాలుగు ఏలకుల పొడి ధైర్యంగా వేసుకోవచ్చు.

పొయ్యి ఎలా? మన ఇళ్లలో ఓవెన్లు లేనివారే ఎక్కువ. మందపాటి పాతగిన్నె ఒకటి తీసుకొని అడుగున రెండు వేళ్ల మందం పొడి ఇసుక పోయండి. మధ్యలో చిన్న ముక్కాలి పీటో, బోర్లించిన కిన్నెరో పెట్టి, పైన బరువైన మూత వేసి పది, పదిహేను నిమిషాలు మధ్యరకం మంట మీద కాగనివ్వండి. ఇసుక వేడిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది. మంట ఎగసినా తగ్గినా లోపలి వేడిమి ఒక్కసారిగా మారదు. ప్రెషర్ కుక్కరు వాడేటట్లయితే రబ్బరు వలయం, పైబరువు రెండూ తీసేయాలి. పెద్దవాళ్లు దగ్గర లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. కాగిన ఇసుక మంటకన్న ప్రమాదం.

ఇసుక కాగేలోపల పిండి సిద్ధం కావాలి. 250 గ్రాముల గోధుమపిండి, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, సుగంధాల పొడి కలిపి రెండుసార్లు జల్లించండి. సోడా గడ్డ ఒక్కటి మిగిలినా ఆ చోట గోధుమరంగు మచ్చ పడి చేదు తగులుతుంది. 50 గ్రాముల వెన్న నలపండి. 40 గ్రాముల బెల్లం తురుము, గుప్పెడు ఎండుద్రాక్ష వేయండి. గుమ్మడి గుజ్జు, పెరుగు, నిమ్మరసం వేరే గిన్నెలో కలిపి ఉంచుకొని, ఇసుక కాగిందని తెలిశాకే పిండిలో పోయండి. ఆ క్షణం నుంచి వాయువు తయారవుతూ పోతూ ఉంటుంది. అరగంట కబుర్లు చెప్పి తరువాత పొయ్యి ఎక్కిస్తే బుడగలు మీ కోసం ఆగవు. గరిటెతో పది, పన్నెండు తిప్పులు చాలు. ముద్ద గరుకుగా ఉంటే కంగారుపడకండి, అలాగే ఉండాలి. అంగుళం మందం ఒత్తి, గ్లాసు అంచుతో బిళ్లలు కోసి, నెయ్యి రాసిన పళ్లెంలో పెట్టి మూత వేయండి. గ్లాసును నిలువుగా నొక్కి తీయాలి. మెలితిప్పితే అంచు పొరలు అతుక్కొని ఒకవైపుకే పొంగుతుంది.

మూత కింద ఏం జరుగుతున్నదో ఊహించండి. 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్ల దగ్గర ఉన్న బుడగ 97 డిగ్రీలకు చేరేసరికి 370 కెల్విన్లు. చార్లెస్ నియమం ప్రకారం ఆ బుడగ ఇంచుమించు నాలుగోవంతు పెరిగిపోతుంది. వెన్నలోని, గుమ్మడిలోని నీరు ఆవిరవుతుంది. ఒక మిల్లీలీటరు నీరు పూర్తిగా ఆవిరైతే 1,700 మిల్లీలీటర్లకు దగ్గరగా విస్తరిస్తుంది. ఈలోపల 60, 70 డిగ్రీల మధ్య పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బి జిగురవుతుంది. ఆపైన మాంసకృత్తులు గడ్డకట్టి బుడగల గోడలు గట్టిపడతాయి. పొంగిన రొట్టె చల్లారినా కుంగిపోనిది ఈ గోడలవల్ల. పైభాగం తడి ఆరి 140 డిగ్రీలు దాటాక బెల్లంలోని చక్కెరలు మాంసకృత్తులతో కలిసి ఎర్రబారుతాయి. దీనికి మెయిలార్డ్ చర్య అని పేరు. ఇసుక గిన్నెలో పైనుంచి వేడి తక్కువ కాబట్టి రంగు కొంచెం పలచగానే వస్తుంది. పాతిక, ముప్ఫై నిమిషాలకు ఈనెపుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

దించిన తరువాత ఒక రొట్టె విరిచి, లోపలి భాగం మీద తడిపిన పసుపు చిటికెడు రాయండి. పసుపు క్షారంలో ఎర్రబడుతుంది. పెండ్లిళ్లలో పసుపుకు సున్నం కలిపి చేసే పారాణి ఎరుపు ఇదే. మీ రొట్టె మీద పసుపు పసుపుగానే ఉంటే సోడా మిగలలేదన్నమాట. ఎర్రబారితే సోడా మిగిలిపోయింది. నిమ్మకాయల పులుపు అన్నింటికీ ఒకటి కాదు గనుక మరుసటిసారి అరచెక్క ఎక్కువ పిండండి. గుమ్మడి పసుపు మాత్రం ఎన్నిసార్లు చూసినా మారదు. కెరొటిన్ సూచిక కాదు.

ఇంగ్లండులో స్కోన్‌ను రెండుగా విడదీసి మధ్యలో మీగడ పూస్తారు. మనం రొట్టె పూర్తిగా చల్లారాక సీతాఫలం గుజ్జు పూద్దాం. గుజ్జు గాలి తగిలి నల్లబడకుండా రెండు చుక్కల నిమ్మరసం కలపండి. తీసిన గింజలను లెక్కపెట్టి దూరంగా పారేయండి. పేలమందుగా వాటి పొడి తలకు పట్టించే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఆ పొడి కంట్లో పడితే కంటిపాప పైపొర పుండుపడి చూపుకే ముప్పు వస్తుంది. పడిన వెంటనే ధారగా నీళ్లతో కడిగి, కంటి వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.